గుమ్మటం చూడాలంటే ఎక్కడ నిలబడాలి? రోమ్, ఫ్లోరెన్స్, ఇస్తాంబుల్, లండన్, పారిస్, బెర్లిన్

రైలుబండి

అందరికీ నమస్కారం. ఈసారి ప్రయాణంలో పెద్ద పెద్ద గుమ్మటాలే చూడాలని పట్టిక వేస్తున్నాం. రోమ్, ఫ్లోరెన్స్, ఇస్తాంబుల్, లండన్ ఖాయం. వీలు చిక్కితే పారిస్, బెర్లిన్ కూడా. ఎక్కడ వెతికినా "తప్పక చూడండి, అద్భుతం" అనే మాటలే తప్ప పనికొచ్చే ముక్క దొరకడం లేదు. అడగాలనుకున్నవి మూడే. ఏది ఎక్కాలి, ఏది కింద నుంచి చూస్తే చాలు? ఏ వేళకి వెళ్లాలి? ఎక్కడ ముందే టికెట్ తీసుకోకపోతే వెనక్కి రావాలి? అయిదుగురిలో ఇద్దరికి మోకాళ్ల నొప్పులున్నాయి, అదీ దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

---

తాపీమేస్త్రి

మంచి ప్రశ్న. ఎక్కాలా వద్దా అన్నది కాళ్ల ఓపికని బట్టి కాదు, ఆ గుమ్మటంలో పనితనం ఎక్కడ దాగుందో దాన్ని బట్టి తేల్చుకోవాలి.

గుమ్మటం అంటే బోర్లించిన మూకుడు. దాని బరువు కిందికే దిగితే ఏ గొడవా లేదు. కానీ అంచుల దగ్గర అది బయటికి తన్నుతుంది. ఆ తన్నుడిని ఆపకపోతే నిలువునా బీటలు వారి విచ్చుకుంటుంది. రోమన్లు దాన్ని గోడ మందంతో ఆపారు. ఇస్తాంబుల్‌లో అర గుమ్మటాలు, ఊతగోడలతో ఆపారు. ఫ్లోరెన్స్‌లో రాతి గొలుసులు, ఒకదాని లోపల ఒకటిగా జంట పెంకులు. లండన్‌లో మధ్యలో ఇటుక శంకువు, కింద ఇనుప గొలుసు.

అందుకని రోమ్‌లోని పాంథియన్‌ని (పాత రోమన్ గుడి) నేల మీద నిలబడి చూడాలి. ఫ్లోరెన్స్‌ది రెండు పెంకుల మధ్యకి ఎక్కి చూడాలి. అయాసోఫ్యాని (ఇస్తాంబుల్‌ది, హేగియా సోఫియా అన్నా అదే) లోపల ఎంతసేపు చూస్తారో బయట చుట్టూ తిరిగి అంతసేపు చూడాలి. లండన్‌లోని సెయింట్ పాల్స్ చర్చిని ముందు దూరం నుంచి చూసి, తర్వాత లోపలికి వెళ్లాలి.

పాంథియన్‌తో మొదలుపెడదాం. ముఖద్వారం మీద అగ్రిప్పా పేరు చూసి మోసపోకండి, అది పాత గుడి శాసనం. ఇప్పుడున్న కట్టడం హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 125 ప్రాంతానికి పూర్తయింది. లోపలి వ్యాసం 43.3 మీటర్లు. నేల నుంచి పైకన్ను (గుమ్మటం నడినెత్తిన వదిలిన గుండ్రటి కంత) దాకా ఎత్తూ అంతే, అంటే లోపల ఓ పెద్ద బంతి సరిగ్గా పడుతుంది. ఇనుప ఊచలు వెయ్యని కాంక్రీటు గుమ్మటాల్లో దీన్ని మించినది ఇప్పటికీ లేదు. కాంక్రీటంతా ఒకే రకం కాదు. కింద బరువైన రాయి కలిపారు, పైకి పోయేకొద్దీ తేలిక రాయి, కన్ను దగ్గరికొచ్చేసరికి నీళ్ల మీద తేలే నురగరాయి. మందం కూడా అడుగున 6.4 మీటర్లు ఉండి కన్ను దగ్గర 1.2 మీటర్లకి దిగుతుంది.

గుమ్మటం లోపలివైపు చదరపు గూళ్లు చూస్తారుగా, 5 వరసలు, వరసకి 28. వాటితో బరువూ తగ్గింది, అందమూ వచ్చింది. ఒక్కో గూటి అంచులు మెట్లుమెట్లుగా ఉంటాయి. ఆ మెట్లు పైవైపు, కిందివైపు సమానంగా చెక్కలేదు. నేల మధ్యలో నిలబడి చూసేవాడి కంటికి సమంగా అనిపించేలా చెక్కారు. అందుకే ఒకసారి నడిమధ్య నిలబడి చూడండి, తర్వాత గోడ దగ్గరికి జరిగి అదే గూడు చూడండి. తేడా అప్పుడు తెలుస్తుంది.

బయటికొచ్చాక ముందు చౌకులోంచి చూస్తే గుమ్మటం కనిపించదు, మండపం అడ్డం. వెనక వైపు సందులోకి వెళ్లండి. గోడలో ఇటుక కమానులు పొదిగి ఉంటాయి. అవి అలంకారం కాదు, లోపల గోడ బోలుగా ఉన్న చోట బరువుని పక్కనున్న దిమ్మెల మీదికి మళ్లించేవి.

---

దుర్భిణి

మేస్త్రి గారు వేళ సంగతి వదిలేశారు. పాంథియన్‌కి అదే ప్రాణం.

పైకన్నులోంచి దిగే వెలుగు మచ్చ రోజంతా లోపల తిరుగుతూనే ఉంటుంది. చాలామంది "మధ్యాహ్నం 12కి" అని చదువుకుని 11:45కి వచ్చి నడిమధ్య నిలబడి ఎదురుచూస్తారు. అందులో రెండు తప్పులున్నాయి.

మొదటిది, రోమ్‌లో సూర్యుడు ఏ రోజూ నడినెత్తికి రాడు. కాబట్టి వెలుగు నేల నడిమధ్య ఎప్పుడూ పడదు. సూర్యుడు దక్షిణాన, తలుపు ఉత్తరాన. మధ్యాహ్నపు మచ్చ ఎప్పుడూ తలుపు వైపే పడుతుంది. జూన్ నడుమ అది కేంద్రం నుంచి దాదాపు 14 మీటర్లు తలుపు వైపు జరిగి నేల మీద ఉంటుంది. డిసెంబరులో నేలకే దిగదు, గుమ్మటం గూళ్ల మీదే తిరుగుతుంది. మార్చి, సెప్టెంబరు విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే) రోజుల్లో గుమ్మటం గోడని కలిసే అంచు దగ్గర, తలుపుకి పైన తగులుతుంది. ఏప్రిల్ 21న, అంటే రోమ్ పుట్టినరోజుగా జరుపుకునే రోజున, సరిగ్గా తలవాకిట్లో పడుతుంది.

రెండోది, వేసవి గడియారంలో (అక్కడ వేసవిలో గంట ముందుకి తిప్పుతారు) రోమ్‌కి అసలు మధ్యాహ్నం 1:10 ప్రాంతంలో. 12కి వచ్చి చూసి పోయినవాళ్లు గంట ముందే పోయినట్టు.

---

చింతచిగురు

వాన సంగతి కూడా రాసేస్తున్నా, లేకపోతే ఎవరో ఒకరు ఆ కట్టుకథ మొదలెడతారు. "పైన కన్నున్నా లోపల వాన పడదు, వేడిగాలి ఆపేస్తుంది" అన్నది ఉత్తమాట. పడుతుంది, బాగా పడుతుంది. నేల మధ్యలో కాస్త ఉబ్బుగా వేశారు, సన్నటి రంధ్రాలు 22 ఉన్నాయి, నీళ్లు వాటిలోంచి పోతాయి. అప్పుడు మధ్యభాగం చుట్టూ తాడు కడతారు. తడిసిన పాలరాయి జారుతుంది, మోకాళ్ల నొప్పులవాళ్లు జాగ్రత్త.

వాన పడుతుంటే పాంథియన్ మానుకోవద్దు, వానలోనే వెళ్లండి. పైనుంచి నిలువుగా దిగే ధార ఎండమచ్చకి ఏమీ తీసిపోదు.

---

టికెట్టుముక్క

పాంథియన్‌కి 2023 జులై నుంచి ప్రవేశ రుసుము పెట్టారు, 5 యూరోలు. ఆ కట్టడం నేటికీ చర్చిగా వాడుకలో ఉంది కాబట్టి పూజ జరిగే వేళల్లో పర్యాటకుల్ని లోపలికి పంపరు.

ఇక అసలు దెబ్బతినేది ఫ్లోరెన్స్‌లో. వరసగా చెప్తాను.

చర్చి లోపలికి ఉచితం, కానీ వరస పొడుగు. గుమ్మటం ఎక్కడం వేరే. దానికి ఆ గుమ్మటం కట్టిన బ్రునెల్లెస్కి పేరుతో ఉన్న పాస్ కొనాలి. మిగతా పాస్‌లలో గుమ్మటం ఉండదు. చవగ్గా ఉందని వేరేది కొని గుమ్మటం తలుపు దగ్గర గొడవపడేవాళ్లు రోజూ కనిపిస్తారు. కొనేటప్పుడే తేదీ, వేళ ఎంచుకోవాలి, తర్వాత మార్చరు. రద్దీ నెలల్లో రెండు మూడు వారాల ముందే అయిపోతాయి. చెప్పిన వేళకి అక్కడ లేకపోతే ఆ మనిషి వంతు పోయినట్టే.

వీపు సంచి పైకి తీసుకెళ్లనివ్వరు, సామాను గదిలో పెట్టాలి. ఆ గది ఎక్కే తలుపు దగ్గర ఉండదు. అందుకని ఇచ్చిన వేళకి అరగంట ముందే చౌకులో ఉండండి. ఎక్కే తలుపు చర్చికి ఉత్తరం వైపు. పాస్ మూడు రోజులు చెల్లుతుంది కాబట్టి గంటస్తంభం, బాప్టిస్టరీ (బాప్తిస్మం ఇచ్చే మందిరం) మర్నాటికి పెట్టుకోవచ్చు. ఆదివారం గంటలు తక్కువ.

---

తాపీమేస్త్రి

ఫ్లోరెన్స్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, క్షమించాలి. నా లెక్కలో ఈ పట్టికలో ఒక్కటే ఎక్కాలంటే ఇదే.

చర్చి కట్టేసి, పైన దాదాపు 45 మీటర్ల ఎనిమిది మూలల కంత వదిలేసి కూర్చున్నారు. కమాను కట్టాలంటే కింద సెంట్రింగ్ ఉండాలి. అంత ఎత్తున, అంత వెడల్పుకి సెంట్రింగ్ కొట్టాలంటే అడవులు నరకాలి. బ్రునెల్లెస్కి 1420లో మొదలుపెట్టి సెంట్రింగ్ లేకుండానే 1436కి మూసేశాడు. 40 లక్షలకు పైగా ఇటుకలు.

ఎలా నిలిచిందో ఎక్కేటప్పుడు కళ్లారా చూడొచ్చు. మధ్యలో రెండు పెంకుల నడుమ సందులో నడుస్తారు. అక్కడ ఎడమా కుడీ గోడల్ని చూడండి. ఇటుకలు మామూలు అడ్డవరసల్లో పోతుంటాయి. ఉన్నట్టుండి ఒక ఇటుక నిలువుగా నిలబడుతుంది. కొన్ని ఇటుకల తర్వాత మళ్లీ ఇంకోటి. పై వరసలో ఆ నిలువు ఇటుక కాస్త పక్కకి జరుగుతుంది. అలా జరుగుతూ జరుగుతూ నిలువు ఇటుకలన్నీ చేప ముల్లులా ఏటవాలుగా గుమ్మటమంతా చుట్టుకుంటూ పైకి పోతాయి.

ఇదెందుకంటే, గోడ లోపలికి వాలేకొద్దీ కొత్తగా పెట్టిన ఇటుక సున్నం గట్టిపడేలోపు జారి పడిపోతుంది. నిలువు ఇటుక అప్పటికే గట్టిపడిన కింది వరసలో దిగబడి ఉంటుంది. రెండు నిలువు ఇటుకల మధ్య నాలుగైదు ఇటుకలు బిగిస్తే, పుస్తకాల బీరువాలో అడ్డుపలకల మధ్య పుస్తకాల్లా ఇరుక్కుంటాయి, జారలేవు. ఒక చుట్టు పూర్తయితే అది తనంతట తానే ఉంగరం. ఉంగరం లోపలికి పడదు.

బయటికి తన్నే బలానికి రాతి దిమ్మెల్ని ఇనుప కొక్కేలతో కలిపిన గొలుసులు, ఒక కొయ్య గొలుసు వేశాడు. పీపాకి పట్టీలు బిగించినట్టు.

చివరి మెట్లు లోపలి పెంకు వీపు మీద నుంచే పోతాయి. అక్కడ నిటారు ఎక్కుడు, ఎదురొచ్చేవాళ్లుంటే గోడకి అతుక్కోవాలి. సగం దారిలో లోపలి అంచు చుట్టూ తిప్పి తీసుకెళ్తారు. వసారి, జుక్కారి వేసిన కడపటి తీర్పు బొమ్మలు చేతికందేంత దగ్గర్లో. కింద నుంచి ముఖాల్లా కనిపించినవి దగ్గరికొస్తే దబదబా కొట్టిన బ్రష్ గీతలు.

---

చింతచిగురు

మేస్త్రి గారి మాట కాదనను గానీ ఒక చేదు నిజం: గుమ్మటం మీద నుంచి గుమ్మటం కనిపించదు. 463 మెట్లెక్కి అందరూ తీసుకునే ఫోటో ఎదురుగా ఉన్న జొట్టో గంటస్తంభానిది. గుమ్మటం ఫోటో కావాలంటే ఆ స్తంభం ఎక్కాలి, 414 మెట్లు. పైన వల కట్టి ఉంటుంది, ఫోన్ కన్ను వల రంధ్రానికి ఆనించి పెడితే సరి. రెండూ ఒకే రోజు ఎక్కేవాళ్లు మర్నాడు నడవలేరు.

ఇంకోటి. కింద నుంచి చూసేటప్పుడు గుమ్మటం మొల దగ్గర ఎనిమిది పక్కల్లో ఒక్క పక్కనే తెల్లరాయి వరండా ఉంటుంది, మిగతావి బోసిగా ఉంటాయి. మరమ్మతు జరుగుతోందేమో అనుకోకండి. మికెలాంజెలో దాన్ని కీచురాళ్ల పంజరంతో పోల్చి వెక్కిరించాడని చెప్తారు. 1515 ప్రాంతంలో ఆగిపోయిన పని అలాగే ఉండిపోయింది.

---

నీలిమేఘం

మోకాళ్లవాళ్ల కోసం ఎవరైనా మెట్ల లెక్క ఒకచోట పెడతారా? లిఫ్ట్ ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో కూడా.

---

టికెట్టుముక్క

నీలిమేఘం గారూ, అంతస్తుకి 20 మెట్లు అనుకుని పోల్చుకోండి.

ఫ్లోరెన్స్ గుమ్మటం 463, లిఫ్ట్ లేదు, అంటే 23 అంతస్తులు. రోమ్‌లో సెయింట్ పీటర్స్ (వాటికన్‌లోని పెద్ద చర్చి) మొత్తం 551. లిఫ్ట్ టికెట్ తీసుకుంటే మొదటి 231 తప్పుతాయి, మిగతా 320 ఎవరికైనా తప్పవు. "లిఫ్ట్ ఉందిగా" అని ధైర్యంగా వెళ్లి మధ్యలో చిక్కుకునేది ఇక్కడే. లిఫ్ట్ కప్పు దాకా మాత్రమే. లండన్ సెయింట్ పాల్స్‌లో రాతి గ్యాలరీకి 376, చిట్టచివరి బంగారు గ్యాలరీకి 528. లిఫ్ట్ కింది అంతస్తులకే గానీ గ్యాలరీలకి లేదు. పారిస్ పాంథియాన్ 206. బెర్లిన్ రైక్‌స్టాగ్‌లో (జర్మనీ పార్లమెంటు భవనం) ఒక్క మెట్టూ ఎక్కనక్కర్లేదు, కప్పు దాకా లిఫ్ట్, ఆ పైన చక్రాల కుర్చీ కూడా పోయే వాలుదారి.

మెట్ల సంఖ్య కంటే దిగడమే మోకాళ్లకి ఎక్కువ నొప్పి. పైగా ఈ దారులు చాలావరకు ఒంటిదారులు, సగంలో వెనక్కి తిరగడం కుదరదు. ఇరుకు చోట ఊపిరాడనట్టుండేవాళ్లు, గుండె జబ్బువాళ్లు ఫ్లోరెన్స్, సెయింట్ పీటర్స్ చివరి భాగాలు మానుకోవాలి.

సెయింట్ పీటర్స్‌లో నా సలహా: మోకాళ్లవాళ్లు లిఫ్ట్‌లో కప్పు దాకా వెళ్లి అక్కడే ఆగిపోండి. ముఖద్వారం మీది పెద్ద విగ్రహాల వీపులు, పక్కనున్న చిన్న గుమ్మటాలు, తలపైన అసలు గుమ్మటం, అన్నీ అక్కడి నుంచే కనిపిస్తాయి.

---

దుర్భిణి

సెయింట్ పీటర్స్ విషయంలో కాళ్లకంటే ముందు కంటికి ఒక చిక్కుంది. మికెలాంజెలో నమూనాలో గుమ్మటమే రాజు. 1564లో ఆయన పోయాక జాకొమో దెల్లా పోర్తా 1590లో పూర్తి చేశాడు. తర్వాత చర్చిని ముందుకి పొడిగించి మదెర్నో పెద్ద ముఖభాగం కట్టాడు. దాంతో చౌకులోంచి ముఖద్వారం దగ్గరికి నడిచేకొద్దీ గుమ్మటం కప్పు వెనక్కి కుంగిపోతుంది. గుమ్మటం పూర్తిగా చూడాలంటే ఎదురు రోడ్డు మీద వెనక్కి వెనక్కి నడవాలి.

ఇంకా విచిత్రం నికొలో పిక్కొలొమిని వీధి. అక్కడ గుమ్మటం వైపు నడుస్తుంటే అది చిన్నదవుతుంది, వెనక్కి నడిస్తే పెద్దదవుతుంది. దూరాన ఉన్నప్పుడు రెండు పక్కల ఇళ్ల మధ్య సందు ఇరుకు, గుమ్మటం దాన్ని నింపేస్తుంది. దగ్గరయ్యేకొద్దీ సందు విచ్చుకుని ఆకాశం ఎక్కువ కనపడుతుంది, గుమ్మటం చిక్కిపోయినట్టు ఉంటుంది. సాయంత్రం దీపాలు వేశాక బాగుంటుంది.

చౌకులో బెర్నిని స్తంభాలు 284, నాలుగు వరసలు. ఫౌంటెన్‌కీ నడిమి రాతిస్తంభానికీ మధ్య నేలలో గుండ్రటి రాయి ఒకటి పొదిగి ఉంటుంది, ఇటువైపు ఒకటి, అటువైపు ఒకటి. దాని మీద నిలబడితే నాలుగు వరసలూ ఒకే వరసైపోతాయి. ఒక్క అడుగు పక్కకి వేస్తే మళ్లీ అడవి.

---

తాపీమేస్త్రి

ఎక్కగలిగినవాళ్లు మాత్రం లోపలి అంచు గ్యాలరీలో అయిదు నిమిషాలు ఆగండి. నేల నుంచి 50 మీటర్లు దాటిన ఎత్తు. కింద నుంచి రంగుల బొమ్మలనుకున్నవి మొజాయిక్ అని అక్కడే తెలుస్తుంది. రాళ్లు మొరటుగా, వంకరటింకరగా గుచ్చి ఉంటాయి. చుట్టూ ఉన్న అక్షరాలూ చాలా పెద్దవి. కింద బలిపీఠం మీది కంచు పందిరే 29 మీటర్ల ఎత్తుంది, అది బొమ్మరిల్లులా కనిపిస్తుంది.

ఇంత పెద్దదైనా లోపలి వ్యాసం పాంథియన్ కంటే మీటరున్నర పైగా తక్కువే. దీనికీ ఒక జబ్బు వచ్చింది: 1740లకల్లా నిలువు బీటలు. పొలేని అనే లెక్కల పండితుడు దారానికి గుమ్మటం ముక్కల నిష్పత్తిలో బరువులు వేలాడదీసి, ఆ దారం వంపు గుమ్మటం మందంలోనే ఇముడుతోందని చూపించాడు. అంటే కూలదు, పట్టీలు బిగిస్తే చాలు. అలాగే ఇనుప పట్టీలు అదనంగా బిగించారు.

---

టికెట్టుముక్క

సెయింట్ పీటర్స్ పొద్దున్న మొదటి గంటలోనే. తర్వాత తనిఖీ వరస చౌకు చుట్టుకుంటుంది. బుధవారం ఉదయం పోప్ దర్శనం ఉంటే లోపలికి పంపరు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, ఎండాకాలం వెనక్కి పంపేసేది దీనికే.

ఇస్తాంబుల్ గురించి. అయాసోఫ్యా 2020 నుంచి మళ్లీ మసీదు. 2024 జనవరి నుంచి విదేశీ పర్యాటకులు పై గ్యాలరీకే, టికెట్ 25 యూరోలు. ప్రార్థన నేల మీదికి పర్యాటకుల్ని పంపరు. 2025లో గుమ్మటం మరమ్మతులు మొదలయ్యాయి. లోపల పరంజా అడ్డం ఉంటుందని మనసు సిద్ధం చేసుకోండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యేదాకా వెళ్లొద్దు. ఆడవాళ్లకి తలమీద గుడ్డ ఉండాలి.

---

తాపీమేస్త్రి

పరంజా ఉన్నా అయాసోఫ్యా మానొద్దు. 532లో మొదలెట్టి 537కి పూర్తి చేశారు, అయిదేళ్లు. ఆ తొందరే తర్వాత మెడకి చుట్టుకుంది. ఇటుకల మధ్య సున్నం మందంగా వేశారు, అది ఆరడానికి చాలాకాలం పడుతుంది. పచ్చి సున్నం మీద బరువు పడి స్తంభాలు, కమానులు బయటికి వాలాయి. మొదటి గుమ్మటం మరీ చదునుగా ఉండేది. చదును ఎంత ఎక్కువైతే పక్కకి తన్నుడు అంత ఎక్కువ. భూకంపాల దెబ్బకి 558లో కూలింది. 562కి చిన్న ఇసిదోరు అనే శిల్పి దాదాపు 6 మీటర్లు ఎక్కువ ఎత్తుగా మళ్లీ కట్టాడు. 989లో ఒక భాగం, 1346లో ఇంకో భాగం పడ్డాయి. అన్నిసార్లు అతికిన గుమ్మటం గుండ్రంగా ఎలా ఉంటుంది? ఇప్పుడది ఒకవైపు కాస్త ఎక్కువ, ఒకవైపు తక్కువ, సుమారు 31 మీటర్లు.

గుమ్మటం మొదట్లో 40 కిటికీలు వరసగా ఉంటాయి. వెలుగు కోసమే అనుకుంటాం. బీటలు మొదట పడేది సరిగ్గా అక్కడే. బీట పడే చోట ముందే కంత పెట్టేస్తే బీటకి చోటేదీ? ఉదయం ఆ కిటికీల వెలుగుకి గుమ్మటం గాల్లో వేలాడుతున్నట్టుంటుంది.

చతురస్రం మీద గుండ్రటి గుమ్మటం ఎలా కూర్చుందో చూడాలంటే మూలల్లో తలకిందుల త్రికోణపు వంపు ముక్కలు చూడండి, ఆరు రెక్కల దేవదూతలున్నవి. ఒక దూత ముఖానికి ఉన్న మూత 2009లో తీశారు.

తర్వాత బయట చుట్టూ తిరగండి. లావుపాటి ఊతగోడలు అడ్డదిడ్డంగా ఆనించి ఉంటాయి, అందం చూసి కట్టినవి కావు. ఒక్కో శతాబ్దం ఒక్కో చెయ్యి వేసి పడకుండా పట్టుకుంది.

---

దుర్భిణి

పై గ్యాలరీలో దక్షిణం వైపు పాలరాతి గట్టు మీద ఎవరో వైకింగ్ సిపాయి గీకిన రూనిక్ (ఉత్తర ఐరోపా పాత లిపి) గీతలున్నాయి, గాజు పలక వేశారు. హాల్ఫ్‌డాన్ అన్న పేరు చదవగలిగారు. అక్కడే యేసు మొజాయిక్ ఒకటి, సగం రాలిపోయింది. కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా పెట్టారు, బొమ్మలోని నీడలు కూడా ఆ కిటికీ వైపే లెక్క చూసుకుని వేశారు.

నేల మీద నిలబడి గుమ్మటం కింద ఉండాలన్న కోరిక తీరాలంటే సులేమానియే మసీదుకి నడవండి. సినాన్ అనే శిల్పి 1557లో పూర్తి చేశాడు. 53 మీటర్ల ఎత్తు, 26 మీటర్లు దాటిన వెడల్పు. టికెట్ లేదు, చెప్పులు విప్పాలి. అయాసోఫ్యా చేసిన తప్పులన్నీ చదువుకుని కట్టినట్టుంటుంది. ఊతగోడల్ని బయట తగిలించకుండా గోడల్లోనే, వరండాల వెనక దాచేశాడు. నూనెదీపాల మసి గాలివాటున ఒక గదిలోకి చేరేలా చేసి దాంతో సిరా చేసేవారట.

---

చింతచిగురు

లండన్ ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను. సెయింట్ పాల్స్‌లో మీకు బయట కనిపించే గుమ్మటం, లోపల కనిపించే గుమ్మటం వేరువేరు. బయటిది కొయ్య చట్రం మీద సీసపు రేకు. లోపలిది ఇటుక, చాలా కింద ఉంటుంది. రెండింటి మధ్య ఎవరికీ కనిపించని ఇటుక శంకువు, మందం 46 సెంటీమీటర్లే. పైనున్న 850 టన్నుల రాతి దీపస్తంభాన్ని మోసేది అదే. దాన్ని కట్టిన రెన్ ఊరికి ఒక ఎత్తు, ప్రార్థన చేసేవాళ్లకి ఒక ఎత్తు ఇచ్చి, బరువుని మూడోదాని మీద పెట్టాడు. రాతి గ్యాలరీ నుంచి బంగారు గ్యాలరీకి పోయే ఇనుప మెట్లు ఆ శంకువు పక్కనే. ఎక్కేటప్పుడు పైకే చూడకుండా పక్కనున్న ఇటుక వాలు చూడండి.

దూరం నుంచి చూడాలంటే మిలీనియం వంతెన దక్షిణం కొస. డబ్బు పెట్టకుండా దగ్గరగా చూడాలంటే పక్కనే ఉన్న వన్ న్యూ ఛేంజ్ భవనం డాబా. ఇంకా పిచ్చి ఉన్నవాళ్లకి రిచ్మండ్ పార్కులో కింగ్ హెన్రీ దిబ్బ. 16 కిలోమీటర్ల దూరం నుంచి పొద కంతలో గుమ్మటం కనిపిస్తుంది. ఆ చూపుకి అడ్డం రాకూడదని నిబంధనలున్నాయి. లెడెన్‌హాల్ భవనం 225 మీటర్లు పెరిగి ఒక పక్కకి ఏటవాలుగా చెక్కేసినట్టుంటుంది కదా, ఫ్లీట్ స్ట్రీట్ నుంచి చూస్తే సెయింట్ పాల్స్ పక్కన అడ్డం రాకుండా వాల్చారు.

ఆదివారం ప్రార్థనలకే, సందర్శన లేదు.

---

తాపీమేస్త్రి

పారిస్, బెర్లిన్ క్లుప్తంగా. పారిస్ పాంథియాన్‌లో రాళ్ల మధ్య ఇనుప కొక్కేలు విరివిగా వాడారు. తడి తగిలి ఇనుము తుప్పుపడితే ఉబ్బుతుంది, ఉబ్బితే రాయి పగులుతుంది. 1980ల్లో పైనుంచి రాతిముక్కలు రాలి వలలు కట్టాల్సి వచ్చింది. రోమ్ పాంథియన్ కాంక్రీటులో ఇనుము లేదు కాబట్టి ఆ బాధా లేదు. కింద ఫూకో లోలకం (భూమి తిరుగుతోందని చూపించే వేలాడే గుండు) ఉంది, తీగ 67 మీటర్లు, ఫూకో 1851లో దాన్ని ఇక్కడ జనానికి చూపించాడు. అది ఊగే దిక్కు గంటకి 11 డిగ్రీల పైన తిరుగుతుంది. లోపలికి రాగానే అది ఎటు ఊగుతోందో గుర్తుపెట్టుకుని, అంతా చూసి వెళ్లేటప్పుడు మళ్లీ చూడండి. గుమ్మటం ఎక్కడం చలికాలంలో ఉండదు.

బెర్లిన్ గాజు గుమ్మటం 1999ది, నార్మన్ ఫోస్టర్ పని. 40 మీటర్ల వెడల్పు, మధ్యలో 360 అద్దాల గరాటు. అద్దాలు పగటి వెలుగుని కింద సభలోకి దించుతాయి, గరాటు లోపల నుంచి సభలోని వేడిగాలి పైకి పోతుంది. ఎండ నేరుగా కొట్టకుండా ఒక తెర సూర్యుడితో పాటు తిరుగుతుంది. పైన తెరిచే ఉంటుంది, పాంథియన్‌లాగే.

---

టికెట్టుముక్క

బెర్లిన్‌ది ఉచితం కానీ పేరు, పుట్టినతేదీతో ముందే నమోదు చేసుకోవాలి. పాస్‌పోర్ట్ వెంట ఉండాలి, ఫోటోకాపీ చెల్లదు. శుభ్రం చేసే వారాల్లో గుమ్మటం మూసి కప్పు ఒక్కటే తెరుస్తారు, తేదీలు ముందే పెడతారు.

---

రైలుబండి

అందరికీ ధన్యవాదాలు. వేసుకున్న పట్టిక ఇది: రోమ్ మంగళ, బుధ (బుధవారం పొద్దున్న సెయింట్ పీటర్స్), ఫ్లోరెన్స్ గురువారం, ఇస్తాంబుల్ శుక్రవారం మధ్యాహ్నం దిగగానే అయాసోఫ్యా, లండన్ ఆదివారం. అక్టోబరు చివరి వారం.

---

టికెట్టుముక్క

రైలుబండి గారూ, మూడుకి మూడూ తప్పే :) బుధవారం సెయింట్ పీటర్స్, శుక్రవారం మధ్యాహ్నం అయాసోఫ్యా, ఆదివారం సెయింట్ పాల్స్. మంగళవారం పొద్దున్న సెయింట్ పీటర్స్, బుధవారం పాంథియన్ పెట్టండి. శుక్రవారం సాయంత్రం సులేమానియే, శనివారం పొద్దున్న అయాసోఫ్యా. లండన్ ఆదివారం బయట నుంచి, వంతెన, డాబా. ఎక్కడం సోమవారం. ఫ్లోరెన్స్ గురువారం టికెట్ మాత్రం ఈ రాత్రికే చూడండి, మిగతావి దాని చుట్టూ జరుపుకోవచ్చు.

---

దుర్భిణి

అక్టోబరు చివర అంటే ఇంకో సవరణ. నేను చెప్పిన 1:10 వేసవి గడియారానికి. ఆ నెల చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మీ బుధవారం దాని తర్వాత పడితే రోమ్‌లో అసలు మధ్యాహ్నం 11:54కే అయిపోతుంది, ముందు పడితే 12:54కి. ఆ రోజుల్లో వెలుగు నేలకి దిగదు, తలుపు పైన గూళ్ల మీద ఉంటుంది. తలుపుకి ఎదురుగా, లోపలి బలిపీఠం వైపు నిలబడి వెనక్కి తిరిగి చూడండి.